పుట్టుకలో నరాలు దెబ్బతిన్న చేతికి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో చేయాల్సింది

కాన్పులో భుజం ఇరుక్కుని మెడ పక్కనున్న నరాలు తెగినా, బాగా సాగిపోయినా, సర్జన్లు చాలాసార్లు పిక్కలోంచి నరం ముక్క తీసి అతుకుతారు. ఆ అతుకులోంచి కొత్త పోగులు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున కండరం వైపు పెరగాలి. అందుకే మోచేయి వంగడం మొదలవడానికే నెలలు పడుతుంది. మెరుగుదల రెండు మూడేళ్ల దాకా సాగుతుంది.

ఈలోగా చెడిపోయేది భుజం కీలు. చేతిని లోపలికి తిప్పే కండరాలు పనిచేస్తూ, బయటికి తిప్పేవి పనిచేయకపోవడంతో చెయ్యి పొట్ట వైపు తిరిగి బిగుసుకుంటుంది. అలా వదిలేస్తే జబ్బ ఎముక గుండు వెనక్కి జరిగి, అది కూర్చునే గుంట ఆకారమే మారిపోతుంది. నరం కోలుకున్నా అప్పుడు చెయ్యి పైకి సరిగా లేవదు.

ఆపరేషన్ తర్వాత సుమారు మూడు వారాలు చేతిని ఒంటికి కట్టి ఉంచుతారు. అప్పుడు కదిలిస్తే అతుకు ఊడొచ్చు. కట్టు విప్పి, సర్జన్ సరేనన్నాకే వ్యాయామం మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతిని పక్కటెముకలకు ఆనించి 90 డిగ్రీలు వంచండి. ఒక చేత్తో మోచేతిని అక్కడే ఆపి, రెండో చేత్తో ముంజేతిని మెల్లగా బయటికి, పరుపు వైపు తిప్పండి. బిగువు తగిలిన చోట పది లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు. డైపర్ మార్చినప్పుడల్లా చేస్తే మర్చిపోరు. ఎక్కువమంది మోచేతిని పక్కకు జారనిస్తారు. చెయ్యి తిరిగినట్టే కనిపిస్తుంది గానీ కీలు సాగదు. రోజురోజుకూ తక్కువ తిరుగుతున్నా, భుజంలో టక్కుమన్నా బలవంతం చేయొద్దు. గుండు జారిందేమో తెలియడానికి ఏడాదిలోపు బిడ్డకు అల్ట్రాసౌండ్ సరిపోతుంది.

మోచేయి బలం తెలుసుకోవడానికి, తొమ్మిది నెలలు దాటిన బిడ్డ చేతిలో బిస్కట్ పెట్టి, మోచేతిని పక్కటెముకలకు ఆనించి పట్టుకోండి. తలను బాగా కిందికి వంచకుండా బిస్కట్ నోటికి చేరాలి. మోచేతిని వదిలేస్తే పిల్లలు భుజం ఎగరేసి పని కానిచ్చేస్తారు, మనం మోసపోతాం. నెలకోసారి ఒకే కోణంలో వీడియో తీసి డాక్టరుకు చూపిస్తే నోటిమాట కంటే మేలు.

చొక్కా తొడిగేటప్పుడు ఆ చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. చంకల కింద చేతులు పెట్టి ఎత్తొద్దు, చెయ్యి పట్టి లాగొద్దు. స్పర్శ తక్కువైన వేళ్లను కొందరు పిల్లలు రక్తం వచ్చేలా కొరుక్కుంటారు. వేడి గ్లాసు తగిలినా తెలియదు. రోజూ వేళ్లు చూడండి.

ఇంత చేసినా బయటికి తిప్పే బలం రాకపోతే, వీపు వైపు కండరం కొసను భుజానికి మార్చి కుట్టే రెండో ఆపరేషన్ ఉంది. కీలు బిగుసుకోకుండా, జబ్బ ఎముక గుండు గుండ్రంగా ఉన్న బిడ్డకే అది బాగా పనికొస్తుంది.