కత్తి బెల్టు బకిల్‌కు చిలుము తిరిగి తిరిగి పడుతుంటే

పాత సైనిక బెల్టు చేతికి రాగానే బకిల్‌ను ముందు వైపు తళతళలాడేలా తోమేస్తారు. వెనక్కి తిప్పి చూసేవారే తక్కువ. ముందు ఆ పని చేయండి.

సమస్య: తుడిచిన కొన్ని వారాలకే పచ్చటి చిలుము

చిలుమును వెదురు పుల్లతో గిల్లి చూడండి. మైనంలా సాగి పుల్లకు అంటుకుంటే తప్పు కొవ్వుది. తోలులోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిసి ఒక రకం సబ్బుగా మారతాయి. ఆ కొవ్వు తోలు పదును చేసినప్పటిదీ కావచ్చు, కానీ నేను చూసిన బెల్టుల్లో చాలావరకు తర్వాతి యజమాని ప్రేమగా పట్టించిన నూనే.

నేనూ ఆ ప్రేమ చూపించినవాణ్ణే. ఎండిపోయిన బెల్టు మీద జాలిపడి నూనె రాశాను. తోలు మెత్తబడింది. నెల తిరగకుండా రివెట్ల మొదళ్లలో, కుట్టు రంధ్రాల్లో పచ్చటి ముద్దలు పొంగాయి. తుడిచి మళ్లీ నూనె రాశాను! మూడోసారి ముద్ద ఉబ్బి పాత దారం పుటుక్కున తెగితే గానీ తెలిసిరాలేదు.

పరిష్కారం: నూనె మానేయండి. ముద్దను పుల్లతో తీసి, మిగిలిన జిడ్డును వైట్ స్పిరిట్‌లో (రంగులు పలుచన చేసే పెట్రోలియం ద్రవం) తడిపి పిండిన దూదితో, తోలుకు తగలకుండా, లోహం మీదే తుడవండి. ఆరాక ఇత్తడికి పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే సన్నని పలుకుల మైనం) పూసి, తోలుకూ లోహానికీ మధ్య సన్నని పాలిస్టర్ షీటు ముక్క దూర్చండి. తోలులో కొవ్వు ఉన్నంతకాలం చిలుము మళ్లీ రావచ్చు. అప్పుడప్పుడు తిప్పి చూస్తుండాలి. లోహం మెరుగు పెట్టే ద్రవాలు వద్దు; అధికారుల బకిళ్ల మీది బంగారు పూత వాటితోనే పోతుంది.

చిలుము పొడిగా, లేత ఆకుపచ్చగా రాలుతుంటే క్లోరైడ్ల (ఉప్పులాంటి లవణాల) పని. అది అరుదు, నిపుణులకు వదిలేయండి.

సమస్య: వేలికి ఎర్రటి పొడి

అది ఎర్ర కుళ్లు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ పీల్చుకుని ఇలా అవుతుంది. పోయిన బలం తిరిగి రాదు. ఆల్కహాల్‌లో కరిగించిన హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే బంధక పదార్థం పూస్తే పొడి రాలడం ఆగుతుంది. నీళ్లు తగిలితే తోలు నల్లబడి బిరుసెక్కుతుంది.

సమస్య: కొక్కెం పట్టడం లేదు

పటకారు తీయకండి. అమెరికా 1851 నమూనా బకిళ్లలో ముందు పలక వెనుకా, అది తగులుకునే జత ముక్క మీదా చాలావరకు ఒకే అంకె కొట్టి ఉంటుంది. అంకెలు కలవకపోతే అది వేరే బెల్టు ముక్క. ఎంత వంచినా సరిపోదు.