మోటర్‌హోమ్‌లో కరెంటుకు పద్దు రాయడం

గండికోటలో నిలిపిన మా మోటర్‌హోమ్‌లో, అంటే వండుకుని పడుకునే వీలున్న బండిలో, రాత్రి 3 గంటలకు ఇన్వర్టర్ కీచుమని మోగింది. కాసేపటికి ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. అందులో మా అత్తయ్య ఇన్సులిన్ ఉంది, పైగా ఏప్రిల్ నెల. తెల్లవారగానే ఐసు కోసం జమ్మలమడుగుకు పరుగెత్తాం.

బెంగళూరు చేరగానే పెద్ద బ్యాటరీ కొందామన్నారు మావారు. ఉన్నది ఎటు పోయిందో ముందు తేలాలని నేను పట్టుబట్టాను. ఇరవై రెండేళ్లు ఆఫీసులో పద్దులు చూసినదాన్ని. జమ ఎంతో, ఖర్చు ఎంతో తెలియకుండా డబ్బు పెట్టడానికి నా మనసు ఒప్పదు.

మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. అందులో మా బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం యూనిట్ అని రాసేది 1000 వాట్ అవర్లు. బండిలోనూ అదే కొలత. బ్యాటరీ మీద ఆంపియర్ అవర్లు అని ఉంటుంది, దాన్ని వోల్టులతో గుణించాలి. మా పాత ట్యూబులార్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. అంటే 1800 వాట్ అవర్లు, రెండు యూనిట్లు కూడా లేవు. పైగా ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. కాబట్టి ధైర్యంగా వాడుకోగలిగింది 900. ఇంట్లో ఒక టన్ను ఏసీ గంటసేపు నడిస్తే ఇంచుమించు అంతే అవుతుంది.

ఖర్చు వైపు రాయడానికి ఒక నోటు పుస్తకం, తీగ చుట్టూ తగిలిస్తే అందులో పారే కరెంటు చూపే క్లాంప్ మీటర్ ఒకటి చాలు. నాది బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నాను. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు కూడా కొలుస్తుందా అని అడిగి మరీ తీసుకోండి. చవకైనవి చాలా వరకు ఇంటి ప్లగ్గుల్లో వచ్చే ఏసీ కరెంటునే కొలుస్తాయి, బ్యాటరీ తీగ మీద వాటితో ఉపయోగం లేదు.

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కింద బండి నిలిపి, బ్యాటరీ ప్లస్ తీగ చుట్టూ మీటర్ తగిలించి, ఒక్కో స్విచ్ వేస్తూ రాసుకున్నాను. ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు 4 ఆంపియర్లు, అంటే 48 వాట్లు. అది రోజంతా తిరగదు. ఆగుతూ తిరుగుతూ మొత్తం 10 గంటలు అనుకుంటే 480 వాట్ అవర్లు. పైకప్పు ఫ్యాన్ 24 వాట్లు, 9 గంటలకు 216. లైట్లకు 80, నీళ్ల పంపుకు 15, ల్యాప్‌టాప్‌కు, ఫోన్లకు కలిపి 200, మిక్సీకి 50.

తర్వాత అన్నీ ఆపేశాను. మీటర్ సున్నా చూపాలి. 1.6 దగ్గర నిలబడింది. ఒక్కో తీగే విప్పుతూ వెళితే, ఇన్వర్టర్ తీగ తీసినప్పుడు అంకె పడిపోయింది. దానికి ఏదీ తగిలించి లేదు, ఊరికే ఆన్‌లో ఉంది. 1.6ను 12తో గుణిస్తే 19 వాట్లు, 24 గంటలకు 460. దాదాపు ఫ్రిజ్ ఖర్చంత!

బ్యాటరీ అయిపోతుందని ప్రయాణమంతా మేము అత్తయ్యను మిక్సీ వేయనివ్వలేదు. 750 వాట్ల మిక్సీ 4 నిమిషాలు తిరిగితే 50 వాట్ అవర్లు. ఏ పనీ చేయని ఇన్వర్టర్ రెండున్నర గంటల్లో అంత తాగేస్తోంది. ఆ సాయంత్రమే ఆమెకు పుస్తకం చూపించి క్షమించమన్నాను. పరికరం మీద రాసిన వాట్లు చూసి భయపడకండి, ఎన్ని గంటలు నడుస్తుందో పక్కన రాసి గుణించండి. ఇప్పుడు ఇన్వర్టర్ స్విచ్ వంట గట్టు పక్కకు మార్పించాం. మిక్సీ వేసే ముందు ఆన్, గిన్నె తీయగానే ఆఫ్.

ఇండక్షన్ పొయ్యి సంగతి వేరు. 1800 వాట్ల పొయ్యికి ఇన్వర్టర్‌లో పోయే నష్టంతో కలిపి బ్యాటరీ నుంచి 150 ఆంపియర్లకు పైగా లాగాలి. 20 నిమిషాల అన్నానికి 650 దాకా ఖర్చు. మేము గ్యాస్ పొయ్యే ఉంచుకున్నాం.

తీగల దగ్గర పిసినారితనం వద్దు. 230 వోల్టుల్లో అర వోల్టు తగ్గితే ఎవరికీ తెలియదు, 12 వోల్టుల్లో తగ్గితే ఫ్రిజ్ బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోగలదు. తీగ లావుగా, దూరం తక్కువగా ఉండాలి. ప్రతి ప్లస్ తీగకూ బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఫ్యూజు పెట్టించండి. 12 వోల్టులు షాక్ కొట్టకపోయినా, షార్ట్ అయితే తీగ కాలి బండి అంటుకుంటుంది.

లెక్క తేలాకే 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొన్నాం. 12.8 వోల్టులతో గుణిస్తే 2560, అందులో 80 శాతం వాడినా 2000 దాటుతుంది. దీని వోల్టేజి చాలాసేపు ఒకేలా ఉంటుంది కాబట్టి వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. వచ్చిపోయే కరెంటును లెక్కగట్టి శాతం చూపే షంట్ మీటర్ పెట్టించాం.

పైకప్పు మీది 400 వాట్ల సోలార్ మార్చి ఎండలో రోజుకు 1500 దాకా ఇస్తుంది, ఆగస్టు మబ్బుల్లో 600 రావడమే కష్టం. అందుకే వానాకాలంలో ఉదయం 10కి మీటర్ చూస్తాను. 40 శాతం లోపు ఉంటే ఆ రోజు ఒకేచోట ఆగం. ఇంజన్ నుంచి చార్జ్ చేసే 30 ఆంపియర్ల డీసీ చార్జర్ ఉంది, రెండు గంటల ప్రయాణంలో సుమారు 750 జమ అవుతుంది. ఆ రాత్రికి ఫ్రిజ్, ఫ్యాన్ రెండింటికీ సరిపోతుంది.