గోపురం ఫొటోను నిటారు చేసే ముందు జాగ్రత్తలు

కింద నిలబడి కెమెరా పైకెత్తి తీస్తే ఏ కట్టడమైనా వెనక్కి వాలినట్టే పడుతుంది. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో, ఈ వాలును సరిచేసే ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్ తెరిచే ముందు ఇవి చూసుకోండి.

• వర్చువల్ కాపీ (అసలు ఎడిట్‌ను కదపకుండా మార్పులు విడిగా చేసుకునే నకలు) తీసుకోండి.

• లెన్స్ వల్ల వచ్చే వంపును సరిచేసే లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ ముందే ఆన్ చేయాలి. వైడ్ లెన్స్ గోడల్ని బయటికి ఉబ్బిస్తుంది. ఆ వంపు పోకుండా గైడెడ్ గీతలు (ఏవి నిటారుగా రావాలో మనం చూపించేవి) గీస్తే ఒక చివర కలిస్తే ఇంకో చివర తప్పుతుంది.

• అసలు ఏది నిలువుగా ఉందో తేల్చుకోండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. గోపురాన్ని కట్టడమే పైకి పోయేకొద్దీ సన్నబడేలా కడతారు. దాని అంచుల మీద గీతలు పెట్టారో, గోపురం కాస్తా అపార్ట్‌మెంట్ అయి కూర్చుంటుంది! కింద రాతి ద్వారబంధం నిలువు కమ్ములను పట్టుకోండి, రెండు గీతలు చాలు. తనంతట తానే నిటారు చేసే ఆటో బటన్‌కు ఈ తేడా తెలుస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. పీసా టవర్‌కున్న సుమారు 4 డిగ్రీల వాలు కూడా అంతే, అది కెమెరా తప్పు కాదు.

• చుట్టూ జాగా ఉందా? సరిచేశాక కింది మూలలు ఖాళీ అవుతాయి, పైన పక్కలు ఫ్రేమ్ దాటిపోతాయి. ఆ ఖాళీలను కత్తిరించే కన్‌స్ట్రెయిన్ క్రాప్ టిక్ పెట్టగానే మెట్లో, శిఖరం మీది కలశాలో తెగిపోవచ్చు. జాగా లేకపోతే వెనక్కి జరిగి తీసిన ఇంకో ఫ్రేమ్ వెతకండి.

• నూటికి నూరు పాళ్లు నిటారు అక్కర్లేదు. మరీ ఎత్తైనవాటికి కొంచెం వాలు వదిలేస్తేనే కంటికి బాగుంటుంది, లేదంటే తల బరువైనట్టుంటుంది. సాగినట్టు అనిపిస్తే ఎత్తు వెడల్పుల నిష్పత్తి మార్చే ఆస్పెక్ట్ స్లైడర్ ఉంది.

• షార్ప్‌నింగ్ చివర్లో. సాగిన పైభాగం మెత్తబడుతుంది కాబట్టి 100 శాతం జూమ్‌లో గోపురం మీది సుధా (సున్నపు) బొమ్మల ముఖాలు చూశాకే ఎక్స్‌పోర్ట్.