ఫంక్షన్ హాల్ల బ్లూస్-పంక్ బ్యాండ్‌కు సౌండ్ పెట్టుడెట్ల

హన్మకొండల మనకు దొరికేటియి బరాత్‌లు, సంగీత్‌లు, బతుకమ్మ. అక్కడ జనం అడిగేది ఒక్కటే, "అన్నా, బేస్ పెంచు." బ్లూసూ (అమెరికా నల్లజాతోళ్ల పాత పాటల తీరు), పంకూ (జోరుగ, గరుకుగ కొట్టే రాక్) కలిపి కొట్టే బ్యాండ్ వచ్చిననాడు ఆ అలవాటును దుకాణంల పెట్టి తాళమేసి రా, తమ్మీ.

బ్యాండోళ్లను ముందుగాల అడగాల్సింది: బేస్ గిటార్ ఉన్నదా? న్యూయార్క్‌ల 1991ల మొదలైన జాన్ స్పెన్సర్ బ్లూస్ ఎక్స్‌ప్లోజన్ అనే బ్యాండ్‌కు ఉన్నయి రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, గంతే. డెట్రాయిట్ బ్యాండ్ వైట్ స్ట్రైప్స్‌ల అయితే ఇద్దరే మనుషులుండిరి. బేస్ లేదు గదా అని సబ్‌లు (బేస్ మోత కొట్టే పెద్ద స్పీకర్లు) లేపితే కిక్ డ్రమ్ (కాలితోని కొట్టే పెద్ద డ్రమ్) హాలంతా నిండి గిటార్ మునిగిపోతది. సబ్ దించు.

గిటార్ గరగరమంటది. స్పీకర్ చినిగిందనుకొని ట్రెబుల్ (సన్నటి శబ్దం) కొయ్యకు, ఆ గరగర కోసమే వాళ్లు యాంప్‌ను అంతగనం పెంచుతరు. వాయించకున్నా గుయ్యిమంటుంటే మాత్రం అది కరెంటు మోత. ఎర్తింగ్ చూడు. మిక్సర్‌కు, యాంప్‌లకు ఒకే బోర్డు నుంచి లైన్ ఇయ్యి, సీరియల్ లైట్ల లైన్ల కలపకు.

అసలు తిప్పలంతా మైక్‌తోని. పంక్ పాడేటోడు నిలబడ్డ జాగల ఉండడు, జనంలకు దుంకుతడు. పొడుగు కేబుల్ పెట్టు. వాడు మైక్ జాలీని పిడికిట్ల పట్టిండనుకో, వెనుక నుంచొచ్చే మోతను ఆపే సందులన్నీ మూసుకపోతయి, మానిటర్ల (పాడేటోనికి వినపడేటట్టు స్టేజి మీద పెట్టే స్పీకర్ల) శబ్దం సుత మైక్‌లకే వస్తది, కీ...మని కూత. అందుకే సౌండ్ చెక్‌ల వాన్ని కావాలనే జాలీ పట్టుకోమను. ఏ ఫ్రీక్వెన్సీ కూస్తదో చూసి, మానిటర్ల అంతవరకే కొయ్యి. పెళ్లి పాటల లెక్క ఎకో మాత్రం వెయ్యకు, మాట కొట్టినట్టు వినపడాలె.

గచ్చు, అద్దాలు, నున్నటి గోడలు ఉన్న హాలైతే టెంట్‌హౌస్ నుంచి మందపు పరదలు తెచ్చి వెనుక గోడకు కట్టు. చిన్న హాల్ల డ్రమ్స్‌కు మైక్‌లు అక్కరలేదు, కిక్‌కు ఒక్కటి చాలు. ఖాళీ హాల్ల చెవులు కోసినట్టున్న సౌండ్ జనం నిండినంక మెత్తవడ్తది. సౌండ్ చెక్‌లనే ట్రెబుల్ మొత్తం తగ్గించి కూసోకు.

చెవులకు ప్లగ్‌లు పెట్టుకో. ఓపెన్ గ్రౌండ్ల అయితే రాత్రి 10 దాటినంక లౌడ్‌స్పీకర్ నడవదు. తొమ్మిదిన్నరకే బ్యాండోళ్లకు చెప్పు, ఎందుకంటే వాళ్ల "ఆఖరి పాట" ఒక్కటితోని అయిపోదు.