తాళం పడిన పాత ఇంట్లో మళ్లీ కాపురం ఉండవచ్చా లేదా తేల్చుకోవడం ఎలా?

వారసులు వేరే ఊళ్లలో స్థిరపడగా ఏళ్ల తరబడి తాళం పడి ఉన్న ఇల్లు నివాసానికి పనికొస్తుందా లేదా అన్నది తేల్చడానికి వానాకాలమే అనువైన సమయం. ఎండాకాలంలో చెమ్మ మరకలు ఆరిపోయి, గోడలు ఉన్నదానికంటే గట్టిగా కనబడతాయి. అయితే వాన కురుస్తుండగా గానీ, ముసురు విడవక ముందు గానీ లోపలికి వెళ్లకూడదు. రెండు మూడు రోజులు తెరిపి ఇచ్చాక, పగటిపూట, తోడుగా మరొకరిని బయట ఉంచి వెళ్లాలి.

తలుపు తీసే ముందు ఇంటి చుట్టూ తిరిగి చూడటం అవసరం. కప్పు అంచు ఎక్కడైనా కుంగిందా, గోడ బయటికి ఉబ్బిందా, పిట్టగోడలో రావి మొక్క వేళ్లూనిందా అన్నవి దూరం నుంచే తెలుస్తాయి. గోడ ఒరిగిందన్న అనుమానం ఉంటే మేస్త్రీ చేత తూకం గుండు (దారానికి వేలాడే బరువు) వేయించి చూడాలి. గీతల్లాంటి సన్నని పగుళ్లు సాధారణంగా పూతకు సంబంధించినవే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగి, 5 మిల్లీమీటర్లకు మించి విచ్చుకున్న పగులును మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. పగులు ఇంకా పెరుగుతోందా అన్నది తెలియాలంటే, దానికి అడ్డంగా సన్నని గాజు ముక్కను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అతికించి, తేదీ రాసి, కొన్ని నెలలు గమనించాలి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. చెమ్మను దాచడానికి సున్నం కంటే చవకైన ఉపాయం లేదు గనుక, ఇటీవల సున్నం కొట్టించిన గోడను మరింత అనుమానంతో చూడటమే మంచిది.

రాయలసీమలోనూ తెలంగాణలో పలుచోట్లా కనిపించే మట్టి మిద్దెల విషయంలో అత్యంత జాగ్రత్త అవసరం. దూలాల మీద కట్టెలో బండలో పరచి, వాటిపై మందంగా మట్టి పోసిన ఈ కప్పుకు ఏటా చవుడు మట్టి వేసి సరిచేయకపోతే వాననీరు లోపలికి ఇంకుతుంది. పది అడుగుల చదరపు గది మీద అడుగు మందాన తడిసిన మట్టి ఉంటే దాని బరువు ఐదు టన్నులు దాటుతుంది. ఆ భారమంతా గోడలో దూరిన దూలాల కొనల మీద పడుతుంది. పుచ్చు గానీ చెదలు గానీ మొదట పట్టేదీ సాధారణంగా ఆ కొనలనే. మధ్యభాగం ఇనుములా ఉన్నా నమ్మకుండా, గోడకు ఆనుకున్న చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. అది సులువుగా దిగబడితే ఆ గదిలో ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు. వానలకు మిద్దె కూలి నిద్రలోనే కుటుంబాలు బలైన సంఘటనలు వార్తల్లో తరచూ చూస్తూనే ఉన్నాం.

బెంగుళూరు పెంకుటింట్లో కప్పు తేలిక కాబట్టి ప్రమాదం కొంత తక్కువ. పెంకులు జారిన చోట వాసాలు నానాయేమో చూస్తే చాలావరకు సరిపోతుంది. డాబా ఇంట్లో చూడవలసింది స్లాబు అడుగుభాగం. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది కాబట్టి పెచ్చులు ఊడతాయి. చిన్న సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే, పైకి బాగానే ఉన్నా ఆ పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టే. తీరప్రాంతంలో ఉప్పుగాలి వల్ల ఈ నష్టం వేగంగా జరుగుతుంది.

పాత వైరింగుకు నేరుగా కరెంటు ఇవ్వకూడదు. ఎలక్ట్రీషియన్ పరీక్షించి ఎర్తింగు సరిచేసి, కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు అమర్చాకే ఇవ్వాలి. మూతపడిన సెప్టిక్ ట్యాంకులోకి, పాడుబడిన బావిలోకి ఎవరినీ దించరాదు. అక్కడ చేరిన వాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. బావి నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి: తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో మలం వల్ల నీటిలో చేరే ఈ-కోలై బ్యాక్టీరియా అసలు కనిపించకూడదు.

తీర్పు చెప్పేటప్పుడు గోడలకే పెద్దపీట వేయాలన్నది నా అభిప్రాయం. గోడలు నిటారుగా, పునాది కదలకుండా ఉంటే కప్పు మొత్తం పోయినా ఆ ఇంటిని నిలబెట్టుకోవచ్చు. మట్టి అడుసుతో కట్టిన గోడ ఒరిగి, దాని అడుగుభాగం చెమ్మకు కరుగుతుంటే మాత్రం పైన ఎంత ఖర్చు పెట్టినా వృథాయే. బూజు, గబ్బిలాల రెట్ట, విరిగిన తలుపులు శుభ్రం చేసుకోదగినవో బాగు చేసుకోదగినవో గనుక వాటిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. సందేహం మిగిలితే స్ట్రక్చరల్ ఇంజినీరు చేత లిఖితపూర్వక నివేదిక తీసుకోవడం మేలు. ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరికీ చూపడానికి కూడా అదే ఆధారం.

కూలే స్థితిలో ఉన్న ఇంటిని ఖాళీ చేయాలని, మరమ్మతు చేయించాలని లేదా తొలగించాలని యజమానిని ఆదేశించే అధికారం స్థానిక సంస్థలకు ఉంది. హైదరాబాదులో జీహెచ్‌ఎంసీ చట్టం 456వ సెక్షన్ కింద ఇటువంటి నోటీసులు ఇస్తుంటారు. నోటీసు వచ్చేదాకా ఆగకుండా, వీధి వైపు ఒరిగిన గోడకు వెంటనే ఆసరా కర్రలు పెట్టించి, దాని ఎత్తు కంటే ఎక్కువ దూరంలో కంచె కట్టించి, ఇరుగుపొరుగు పిల్లలు అటు రాకుండా చూడటం యజమాని వెంటనే చేయవలసిన పని.