హరికేన్ సీజన్ రాకముందే మెడికెయిడ్ సంగతి చూసుకోండి

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30 దాకా ఉంటుంది. నీళ్లు, టార్చిలైటు, బ్యాటరీలు అందరూ సర్దుకుంటారు. కానీ మెడికెయిడ్ (అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మీద ఆధారపడిన పిల్లలో, గర్భిణులో, పెద్దవాళ్లో, వైకల్యం ఉన్నవాళ్లో ఇంట్లో ఉంటే ఇంకో పని కూడా ఉంది. ఇల్లు వదిలి వెళ్లినంత మాత్రాన కవరేజ్ పోదు. మీరు లేనప్పుడు ఇంటికి వచ్చిన ఉత్తరానికి జవాబు వెళ్లకపోతే మాత్రం పోతుంది.

మీకు ఇంకా అర్హత ఉందో లేదో చూసే రెన్యూవల్ ఫారం చాలామందికి పోస్టులోనే వస్తుంది. ఇల్లు నీళ్లలో ఉంటే ఆ కవరు తిరిగి ఆఫీసుకే చేరుతుంది. ఎవరి కవరేజీ తీసేయకూడదన్న కోవిడ్ కాలపు రక్షణ 2023లో ఎత్తేశాక 2.5 కోట్ల మందికి పైగా మెడికెయిడ్ పోయింది. అందులో పదిమందికి దాదాపు ఏడుగురు అర్హత లేదని తేలినవాళ్లు కారు, కాగితాల దగ్గర ఆగిపోయినవాళ్లు. తుఫాను లేకుండానే ఇంతమందికి ఇలా జరిగింది.

అందుకే ఇవాళే మీ స్టేట్ మెడికెయిడ్ వెబ్‌సైట్ తెరిచి ఫోన్ నంబర్, ఈమెయిల్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. మెసేజ్‌లు వచ్చేలా పెట్టుకోండి. రెన్యూవల్ తేదీ కనుక్కోండి. అది ఆగస్టు, అక్టోబర్ మధ్య పడితే మరీ జాగ్రత్త, తుఫానులు ఎక్కువగా వచ్చేది అప్పుడే. అమ్మానాన్నల కేసు మీరు చూస్తుంటే, ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్‌గా (వాళ్ల తరఫున మాట్లాడే అధికారం ఉన్న మనిషిగా) మీ పేరు ముందే నమోదు చేయించండి. లేకపోతే ఫోన్ చేసినా మీతో మాట్లాడరు.

మెడికెయిడ్ కార్డుకి రెండు వైపులా ఫోటో తీసుకోండి, ప్లాన్ ఫోన్ నంబర్ ఎక్కువగా వెనకవైపే ఉంటుంది. మందుల సీసాల లేబుళ్లకూ ఫోటోలు తీయండి. మందు పేరు, డోసు, ప్రిస్క్రిప్షన్ నంబర్, ఫార్మసీ ఫోన్ అన్నీ చదవగలిగేలా రావాలి. సీసా గుండ్రంగా ఉంటుంది కాబట్టి తిప్పుతూ రెండు మూడు తీయాల్సి రావచ్చు. ఆ ఫోటోలు వేరే ఊళ్లో ఉన్న బంధువుకి కూడా పంపండి.

స్టేట్ దాటి వెళ్లాల్సి వస్తేనే అసలు చిక్కు. మెడికెయిడ్‌ను ఏ స్టేట్‌కి ఆ స్టేటే నడుపుకుంటుంది. పక్క స్టేట్‌లో రిసెప్షన్ దగ్గర ‘మీ కార్డు ఇక్కడ చెల్లదు’ అనొచ్చు. కానీ ప్రాణం మీదికి వచ్చిన అత్యవసర వైద్యానికి మీ స్టేటే డబ్బు కట్టాలని ఫెడరల్ నిబంధన ఉంది. వెనక్కి ప్రయాణం చేస్తే ఆరోగ్యానికి ప్రమాదం అన్నప్పుడూ అంతే. ఆ మాట చెప్పి, కార్డు వెనక ఉన్న నంబర్‌కి అక్కడినుంచే ఫోన్ చేయించండి. ఎమర్జెన్సీ రూముల్లో అయితే ఇన్సూరెన్స్‌తో పని లేకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడకు తేవాలన్న చట్టం 1986 నుంచి ఉంది.

తిరిగి వచ్చే ఉద్దేశం ఉంటే కొత్త స్టేట్‌లో తొందరపడి అప్లై చేయకండి. తాత్కాలికంగా వెళ్లారన్న కారణంతో మీ స్టేట్ కవరేజ్ తీసేయకూడదు, కానీ ఇంకో స్టేట్ మిమ్మల్ని తన నివాసిగా తేల్చితే ఆ రక్షణ పోతుంది. ఇంటి అడ్రస్ మార్చకుండా, ఉత్తరాలు రావడానికి మాత్రం ఇప్పుడున్న అడ్రస్ ఇవ్వండి. అక్కడే స్థిరపడాలనుకుంటే ఆలస్యం చేయకుండా అప్లై చేయండి. 2005లో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు, వెళ్లిన స్టేట్‌లోనే 5 నెలల వరకు కవరేజ్ ఇచ్చేలా ప్రత్యేక అనుమతులు వచ్చాయి. ప్రతి తుఫానుకీ అలా ఇస్తారని నమ్ముకోవద్దు.

డయాలసిస్ ఉన్నవాళ్ల విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్. మీ సెంటర్ మూతపడితే ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే అడగండి. తాజా ట్రీట్‌మెంట్ ఆర్డర్లు, ల్యాబ్ రిపోర్టులు కాగితం మీద తీసుకోండి. సెషన్ ఆలస్యమైతే పాటించే 3 రోజుల అత్యవసర ఆహారం లిస్టు కూడా అడగండి, అందులో పొటాషియం, ఉప్పు, నీళ్లు బాగా తగ్గిస్తారు.

ఒరిజినల్ మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వమే నేరుగా ఇచ్చే బీమా) ఉన్న పెద్దవాళ్లకు స్టేట్ దాటినా ఇబ్బంది లేదు, అది దేశమంతా చెల్లుతుంది.

అన్నీ చేసినా కవరేజ్ ఆపేశామని నోటీసు వస్తే వదిలేయకండి. రెన్యూవల్ ఫారం మీ దగ్గర్నుంచి ఆఫీసుకి అందలేదన్న కారణమైతే పిల్లలు, గర్భిణులు, 65 ఏళ్లలోపు చాలామంది పెద్దవాళ్లు 90 రోజుల్లోపు అది పంపితే చాలు, కొత్త అప్లికేషన్ అక్కర్లేదు. నిర్ణయమే తప్పనిపిస్తే నోటీసులో రాసిన గడువులోపు ఫెయిర్ హియరింగ్ (నిర్ణయం మీద అప్పీలు విచారణ) అడగండి. కవరు మీద పోస్టు ముద్ర ఉంటుంది కాబట్టి దాన్నీ పారేయకండి, ఉత్తరం ఆలస్యంగా వచ్చిందని చూపించడానికి అదే ఆధారం.