పిడుగు పడ్డాక రిగ్ తేడాగా ఉందా? మూత విప్పే ముందు ఇవి చూడండి

పిడుగు పడిన మర్నాడు రిగ్ (ప్రసారం, రిసెప్షన్ రెండూ చేసే హామ్ రేడియో సెట్టు) సరిగ్గా వినిపించకపోయినా, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా వైపు పంపిన పవర్ ఎంత తిరిగొస్తోందో చూపే అంకె, 1 అయితే ఏమీ తిరిగిరానట్టు) పైకి ఎగిరినా చాలామంది చెయ్యి నేరుగా స్క్రూడ్రైవర్ మీదికే పోతుంది. కాస్త ఆగండి. ముందు రిగ్ వెనక కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) విప్పి, మీటరు పొడవున్న మంచి ప్యాచ్ కేబుల్‌తో నేరుగా డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు పవర్‌ని మింగేసే రెసిస్టర్) కలపండి. మధ్యలో ట్యూనర్ (యాంటెన్నాని రిగ్‌కి సరిపెట్టే పెట్టె), స్విచ్, అరెస్టర్ (పిడుగు వోల్టేజిని ఎర్త్‌కి మళ్లించే పరికరం) ఏదీ ఉండకూడదు. 5 వాట్లతో మొదలుపెట్టి 25, 50, 100 దాకా వెళ్లండి. పవర్ సరిగ్గా వస్తూ ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 దగ్గర కదలకుండా ఉంటే ట్రాన్స్‌మిటర్‌కి ఏమీ కాలేదు. తర్వాత డమ్మీ లోడ్ తీసేసి, యాంటెన్నా సాకెట్ మధ్య పిన్నులో రెండు మూడు మీటర్ల తీగ ముక్క గుచ్చండి (ఇప్పుడు పొరపాటున కూడా ప్రసారం బటన్, అంటే పీటీటీ, నొక్కొద్దు). 7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల రాత్రిపూట స్టేషన్లు వినిపిస్తే రిసీవర్ కూడా బతికే ఉంది. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి ఫైనల్ ట్రాన్సిస్టర్లు (ట్రాన్స్‌మిటర్ చివరి పవర్ దశలోవి) మార్చినవాళ్లకు లెక్కే లేదు.

రిగ్ అసలు ఆన్ కావడం లేదు

డీసీ కేబుల్‌లో ఫ్యూజులు రెండు ఉంటాయి, ఎరుపు తీగలో ఒకటి, నలుపు తీగలో ఒకటి. రెండూ చూడండి. పోయిందని తెలియగానే కొత్తది పెట్టేయకండి. ముందు పవర్ సప్లైని విడిగా ఆన్ చేసి వోల్టేజి కొలవండి. పిడుగు దెబ్బకి రెగ్యులేటర్ షార్ట్ అయిన లీనియర్ సప్లై 13.8కి బదులు 20 వోల్ట్లకు పైగా వదులుతుంది. దాన్ని రిగ్‌కి తగిలిస్తే పిడుగు మిగిల్చింది అది కాల్చేస్తుంది. సప్లై సరిగ్గా ఉంటే రిగ్ డీసీ సాకెట్ దగ్గర మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి రెండు వైపులా కొలవండి. రెండు వైపులా సున్నా దగ్గరే చూపిస్తే, తీగలు తారుమారైనప్పుడు కాపాడే డయోడ్ షార్ట్ అయినట్టు. అది చచ్చిపోతూ ఫ్యూజుని కొట్టేసి రిగ్‌ని కాపాడిందన్నమాట. డయోడ్ ఒక కాలు బోర్డు నుంచి లేపి మళ్లీ కొలవండి. షార్ట్ పోతే అదే రేటింగున్న డయోడ్ వేస్తే సరి. డయోడ్ తీసేసి రిగ్ నడుస్తోంది కదా అని అలాగే వదిలేయడం, 25 ఆంపియర్ల ఫ్యూజు చోట 40ది పెట్టడం, రెండూ మరో మరమ్మతుని పిలిచి తెచ్చుకోవడమే.

ఆన్ అవుతుంది, కానీ ఏమీ వినిపించదు

అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించే) బటన్ నొక్కి ఉందా, రెండో యాంటెన్నా సాకెట్ ఎంపికై ఉందా చూడండి. నవ్వొద్దు, ఇదే కారణమైన సందర్భాలు తక్కువేమీ కాదు. తీగ ముక్కతో కూడా వినిపించకపోతేనే మూత విప్పాలి.

అన్ని బ్యాండ్లూ ఒకేలా చెవిటివైతే తప్పు సాకెట్‌కి, బ్యాండ్‌పాస్ ఫిల్టర్లకి (ఒక్కో బ్యాండ్ సిగ్నళ్లనే లోపలికి పంపేవి) మధ్య ఉంటుంది: టీఆర్ రిలే (యాంటెన్నాని ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ మార్చే స్విచ్) కాంటాక్టులు, అటెన్యుయేటర్ రెసిస్టర్లు, పాత రిగ్గుల్లో కొన్నింటికి రిసీవర్ దారిలో ఫ్యూజులా వేసిన చిన్న బల్బు. ఒకటి రెండు బ్యాండ్లే చచ్చిపోతే ఆ బ్యాండ్ ఫిల్టర్‌ని దారిలోకి తెచ్చే స్విచింగ్ డయోడ్ల మీద అనుమానం. మంచి డయోడ్ ఒక వైపు 0.5 నుంచి 0.8 చూపిస్తుంది, రెండో వైపు ఏమీ చూపించదు. బోర్డు మీదే కొలిస్తే పక్కనున్న కాయిల్ వల్ల మంచిది కూడా షార్ట్ అన్నట్టే కనిపిస్తుంది, అందుకే ఒక కాలు లేపాలి. పక్క బ్యాండ్‌లో అదే చోట ఉన్న డయోడ్‌తో పోల్చుకుంటే సర్క్యూట్ బొమ్మ లేకపోయినా పని నడుస్తుంది. చచ్చినది ఒక్కటే దొరికినా ఆ ఫిల్టర్‌కి అటూ ఇటూ ఉన్న రెండూ మార్చండి. పిన్ డయోడ్ (రేడియో సిగ్నల్ స్విచింగ్ కోసం చేసిన రకం) తీసిన చోట చేతికందిన మామూలు సిగ్నల్ డయోడ్ వేస్తే వినిపించడం వినిపిస్తుంది గానీ, బలమైన స్టేషన్లు వచ్చినప్పుడు లేని సిగ్నళ్లు పుట్టుకొస్తాయి.

తక్కువ పవర్‌లో అంతా బాగుంటుంది, పెంచితే ఎస్‌డబ్ల్యూఆర్ ఎగురుతుంది

దీనితోనే జాగ్రత్త. రిసెప్షన్ మామూలుగా ఉంటుంది. అనలైజర్ (అతి తక్కువ పవర్‌తో కొలిచే మీటరు) పెడితే యాంటెన్నా బ్రహ్మాండం అంటుంది. 10 వాట్ల క్యారియర్‌తో (మాట లేని నిలకడ సిగ్నల్) ట్యూన్ చేస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 1.3. ఎస్ఎస్‌బీలో (గొంతుతో పాటు పవర్ పెరిగి తగ్గే మోడ్) మాట్లాడటం మొదలుపెట్టగానే గట్టి అక్షరం దగ్గర సూది ఎగిరి 5 దాటుతుంది, రిగ్ పవర్ తగ్గించేసుకుంటుంది. పీటీటీ వదిలి మళ్లీ నొక్కితే మొదట బాగానే ఉంటుంది. ఇది చూసి ఫైనల్స్ పోయాయనో, బాలన్ (కోయాక్స్‌ని యాంటెన్నాకి కలిపే ట్రాన్స్‌ఫార్మర్) పగిలిందనో తేల్చేస్తారు. చాలాసార్లు అసలు దొంగ అరెస్టర్‌లో ఉన్న గ్యాస్ ట్యూబు (వోల్టేజి హద్దు దాటితే లోపల మెరుపు పుట్టి కరెంటుని ఎర్త్‌కి వదిలే భాగం).

ఎందుకో లెక్కలోనే ఉంది. 50 ఓమ్‌ల లైన్‌లో 5 వాట్లకు పీక్ వోల్టేజి 22, 25 వాట్లకు 50, 100 వాట్లకు 100. 100 వాట్ల రిగ్‌కి మామూలుగా 230 వోల్ట్ల ట్యూబు వేస్తాం, కాబట్టి అది ఊరుకుని ఉండాలి. కానీ దగ్గర్లో పిడుగు పడ్డ ప్రతిసారీ ట్యూబు లోపల మెరుపు పుట్టి ఎలక్ట్రోడ్ లోహం కొద్దికొద్దిగా చిమ్ముతుంది, సిరామిక్ లోపలి గోడకు పూతలా అంటుకుంటుంది. పేలే వోల్టేజి, అంటే అది కరెంటు వదలడం మొదలుపెట్టే హద్దు, మారిపోతుంది. అది 80కో 90కో దిగిందంటే 50 వాట్ల దాకా నోరు మెదపదు, 100 వాట్ల పీక్ దగ్గర పేలుతుంది. ఒకసారి పేలాక దాని మీద నిలిచే వోల్టేజి పది ఇరవైకి పడిపోతుంది. హెచ్ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) సైకిళ్ల మధ్య ఆరిపోయేంత వ్యవధి ఉండదు గనుక మీరు పీటీటీ వదిలేదాకా మండుతూనే ఉంటుంది. వదిలితే మళ్లీ బుద్ధిమంతురాలు.

మల్టీమీటర్ దీన్ని పట్టుకోలేదు. దాని పరీక్ష వోల్టేజి కొద్ది వోల్ట్లే, సగం చచ్చిన ట్యూబుని కూడా అది మంచిదనే అంటుంది. పూర్తిగా షార్ట్ అయిన ట్యూబునే చూపిస్తుంది, అప్పుడైతే రిసెప్షన్ కూడా పడిపోతుంది కాబట్టి దాన్ని ఎవరైనా కనిపెడతారు.

సరైన పరీక్ష ఇలా: రిగ్, అరెస్టర్, డమ్మీ లోడ్, ఈ వరసలో కలపండి. అరెస్టర్ ఎర్త్ బోల్టుకి తీగ అక్కర్లేదు, ట్యూబు రెండో చివర ఎలాగూ కోయాక్స్ షీల్డ్‌కే కలిసి ఉంటుంది. 5, 25, 50, 100 వాట్లు ఒక్కొక్కటీ రెండు సెకన్లు. ఏదో ఒక మెట్టు దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ ఒక్కసారిగా దూకితే దొంగ దొరికినట్టే, వెంటనే వదిలేయండి. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉన్నవాళ్లు ట్యూబుని బయటికి తీసి 100 వోల్ట్ల రేంజిలో కొలవొచ్చు. 230 వోల్ట్ల మంచి ట్యూబు గిగాఓమ్ పైనే చూపించాలి. అరెస్టర్‌లో పెట్టి కనెక్టర్ నుంచి కొలవకండి: కొన్ని రకాల్లో మధ్యలో కెపాసిటర్ ఉంటుంది, ట్యూబు ఎలా ఉన్నా ఒకే అంకె వస్తుంది.

మార్చడం తేలిక. పక్కనున్న స్క్రూ మూత విప్పితే ట్యూబు, దాని వెనక చిన్న స్ప్రింగు వస్తాయి. స్ప్రింగు ఎగిరి పోకుండా కింద గుడ్డ పరచండి. పైకి ట్యూబు కొత్తదానిలా మెరుస్తుందని మోసపోవద్దు, పాడైంది లోపల. అదే కొలత, అదే వోల్టేజి ఉన్నది వేసి మూత బిగుతుగా తిప్పండి. వదులుగా ఉంటే ట్యూబుకి కాంటాక్టు ఉండదు, రేడియో మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది, అరెస్టర్ లేనట్టేనని తెలిసేది మళ్లీ పిడుగు పడ్డాకే. ట్యూబు తీసేసి ఖాళీ డబ్బా వాడేవాళ్లదీ అదే సంగతి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ట్యూనర్ గదిలో ఉండి, అరెస్టర్ దాని తర్వాత ఉంటే, లైన్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ 10 ఉన్న బ్యాండ్‌లో 100 వాట్లకే పీక్ 316 వోల్ట్ల దాకా పోవచ్చు. అప్పుడు కొత్త 230 వోల్ట్ల ట్యూబు కూడా పేలుతుంది. ట్యూబు డమ్మీ లోడ్ పరీక్షలో నెగ్గి, ఒక్క బ్యాండ్‌లోనే తప్పుతోందంటే ఇదే కారణం: 350 వోల్ట్లదో అంతకు పైదో వేయండి. కిలోవాట్ యాంప్లిఫయర్‌కి 50 ఓమ్‌ల దగ్గరే పీక్ 316, ఎస్‌డబ్ల్యూఆర్ 3 అయితే 550 దగ్గర, కాబట్టి 600కి తక్కువ వద్దు. అలాగని 100 వాట్లకు 600ది వేస్తే రిసీవర్‌కి మిగిలే రక్షణ ఆ మేరకు తగ్గుతుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ ముందుకన్నా బాగుంది, సిగ్నళ్లు మాత్రం తగ్గాయి

సంతోషించకండి. కోయాక్స్ పోయింది. పిడుగు కరెంటు బయటి తొడుగుకి సూది మొనంత చిల్లులు పెడుతుంది, వాటిలోంచి దిగిన నీరు షీల్డ్‌ని నల్లబరుస్తుంది. నష్టం పెరిగిన లైన్ యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్‌ని తాగేస్తుంది కాబట్టి మీటరు అందంగా కనిపిస్తుంది. పై చివర యాంటెన్నా విప్పి, షార్ట్ చేసి, కింది నుంచి నానోవీఎన్ఏతో (చేతిలో పట్టే చిన్న అనలైజర్) రిటర్న్ లాస్ (పంపినదానికన్నా తిరిగొచ్చింది ఎన్ని డీబీ తక్కువో) కొలవండి. అందులో సగం ఒకవైపు నష్టం. 30 మీటర్ల ఆర్‌జీ-213కి 28 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం 1 డీబీ చుట్టూ ఉండాలి, అంటే రిటర్న్ లాస్ 2 చుట్టూ. 6 వస్తే ఆ కేబుల్‌కి అతుకులు వద్దు, మొత్తం మార్చండి. నానోవీఎన్ఏ తగిలించే ముందు కోయాక్స్ మధ్య పిన్నుని షీల్డ్‌కి ఒకసారి ముట్టించండి, లేకపోతే లైన్‌లో చేరిన స్టాటిక్ చార్జికి అది పోతుంది.

రిగ్ పనిచేస్తుంది, కంప్యూటర్‌తో మాట్లాడదు

కేబుల్ మార్చి చూడండి. సీరియల్ పోర్టున్న రిగ్‌లైతే మ్యాక్స్232 లాంటి లెవెల్ కన్వర్టర్ ఐసీ, సాకెట్ పెట్టుకుని ఉంటే ఐదు నిమిషాల పని. యూఎస్‌బీ చిప్ అయితే హాట్ ఎయిర్ చేతి పని. రొటేటర్ (యాంటెన్నాని తిప్పే మోటారు) తిరుగుతూ సూది మాత్రం కదలకపోతే లోపలి పొటెన్షియోమీటర్ కాలింది. చాలావాటిలో అది 500 ఓమ్‌లది, కంట్రోల్ కేబుల్ చివర్లోనే కొలవొచ్చు. ప్రాసెసర్, క్రిస్టల్ ఫిల్టర్, డిస్‌ప్లే పోవడం అరుదు. పోతే బోర్డు మార్చడం తప్ప బల్ల మీద చేసేదేమీ ఉండదు.

మళ్లీ తగిలించే ముందు

యాంటెన్నా అరెస్టర్ పక్కన ఒక ఎర్త్ రాడ్, ఇంటి కరెంటుకి ఇంకో ఎర్త్, రెండింటికీ సంబంధం లేదు: ఎక్కువ రిగ్గులు కాలేది ఇక్కడే. పిడుగు కరెంటు ఒక రాడ్ దగ్గర నేలని పైకి లేపితే రెండోదానికి పోవడానికి ఉన్న దారి మీ రిగ్, దాని పవర్ సప్లై, కంప్యూటర్ మాత్రమే. రెండు రాడ్లనీ బయటే మందపాటి రాగి తీగతో కలిపేయండి. మెయిన్స్ ఎర్త్ వైపు పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. కోయాక్స్, రొటేటర్ కేబుల్, గదిలోకి వచ్చే ప్రతి తీగా ఒకే లోహపు పలక గుండా దాని మీది అరెస్టర్ల ద్వారానే రావాలి. పలక నుంచి రాడ్‌కి వెడల్పాటి రాగి పట్టీ, వీలైనంత పొట్టిగా, పదునైన మలుపులు లేకుండా వేయండి. తిన్నని తీగకు మీటరుకి దాదాపు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది, మైక్రోసెకనుకి 10 కిలోఆంపియర్ల చొప్పున కరెంటు పెరిగితే మీటరుకి 10 కిలోవోల్ట్లు నిలుస్తాయి. మూడు మీటర్ల ఎర్త్ తీగ వేసి అరెస్టర్ ఉంది కదా అనుకోవడంలో అర్థం లేదు. పలక మీద పెయింటు గీకి, మెరిసే లోహం మీదే అరెస్టర్ బిగించండి.

డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) మీద గాలికీ వానకీ చేరే స్టాటిక్ కోసం ఫీడ్‌లైన్‌కి అడ్డంగా 100 కిలోఓమ్‌ల 2 వాట్ల కార్బన్ రెసిస్టర్ వేయండి. 50 ఓమ్‌ల దగ్గర 100 వాట్లలో దాని వాటా 0.05 వాట్లే.

ఉరుములు వినపడక ముందే కోయాక్స్ విప్పి చివరని పలక బయటే వదిలేయాలి, బల్ల కింద కాదు. గాజు సీసాలో పెట్టడం వల్ల ఏమీ ఒరగదు, మేఘం నుంచి కిలోమీటర్లు దూకి వచ్చినది సీసా గోడ దగ్గర ఆగదు. విప్పడం మొదలుపెడితే మెయిన్స్ ప్లగ్గు, రొటేటర్, యూఎస్‌బీ, లాన్ కేబుల్ అన్నీ విప్పండి. కోయాక్స్ ఒక్కటే తీసి లాన్ వదిలేసిన గదుల్లో రిగ్ వెనక నుంచి కాకుండా కంప్యూటర్ వైపు నుంచి కాలిపోతుంది.